పద్నాలుగో పాట అయ్యాక

ఇంగ్లండులోని రాథర్‌హామ్‌లో కాలవ గట్టున మూతపడిన ఒక చర్చిని ఎప్పుడో పాటల రికార్డింగు స్టూడియోగా మార్చారు. దాని నేలమాళిగలోకి ఒంటరిగా ఎవరూ దిగరు. యాభై ఏళ్ల కిందట గిటారిస్టు క్లైవ్ హెబ్డెన్ అక్కడే పోయాడు — లోపల తలుపేసుకుని, కిరసనాయిలు హీటరు పొగకి ఊపిరాడక. ఇరవై రెండేళ్ల వయసు. పాత టేపుల కోసం దిగినవాళ్లకి ఇప్పటికీ లోపల్నించి ఎవరో తలుపు కొడుతున్నట్టు వినిపిస్తుందట...

ముప్పై ఏళ్లుగా ఆ చర్చి ఎదురుగానే చేపలు వేయించి అమ్ముతున్నాను. తాగినవాళ్ల చెవులకి ఏమేం వినిపిస్తాయో నాకు బాగా తెలుసు. కానీ ఇది చెప్పింది లోర్నా. ఆమె తాగదు.

లోర్నా క్లైవ్ కూతురు. తండ్రి పోయాక నాలుగు నెలలకి పుట్టింది. క్లైవ్ వాయించిన బ్యాండులో గాయకుడు వెర్నన్ టాస్కరే ఆమెని చదివించి సౌండ్ ఇంజనీరుని చేశాడు. క్లైవ్ వాయించాడే గానీ ఎన్నడూ పాడలేదు. నాన్న గొంతు ఒక్కసారి వినాలని లోర్నా ఎన్ని టేపులు వెతికిందో... ఎక్కడా దొరకలేదు.

కిందటి డిసెంబరులో వెర్నన్ మేటి పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్ వేద్దామనుకున్నారు. మొత్తం పద్నాలుగు. ఆయనకి డెబ్బై అయిదు, ఊపిరితిత్తులు పాడైపోయాయి, ఇక ఇదే ఆఖరు. పద్నాలుగోది క్లైవ్ చివరిసారి వాయించిన పాట. వెర్నన్‌కి పేరు తెచ్చిందీ అదే.

సాయంత్రం నాలుగింటికే చీకటి పడింది. నేలమాళిగలో వాళ్లిద్దరే. ఇన్నేళ్లూ వెర్నన్ దగ్గరే ఉన్న ఆ పాట అసలు టేపుని లోర్నా ఎక్కించింది. పాట అయిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది...

గుసగుస.

వెర్నన్ టీ కప్పు కింద పెట్టాడు. "విన్నావా?"

"భయపడకు బాబాయ్. టేపు చుట్టి ఉంచితే ఒక చుట్టులో మాట పక్క చుట్టుకి సన్నగా అంటుకుంటుంది. అందుకే అసలు మాటకి ముందే దాని నీడ వినిపిస్తుంది. పాత టేపులన్నిటికీ ఉన్న జబ్బే. చూడు, అసలు మాట ఇప్పుడొస్తుంది."

రాలేదు.

టక్‌మని ఒక చప్పుడు — ఆ తర్వాత అంతా ఖాళీ. ఎవరో మీట నొక్కి చెరిపిన ఖాళీ. అసలు మాట పోయింది, పక్క చుట్టు మీద నీడ మిగిలింది.

లోర్నా టేపు వెనక్కి తిప్పి, శబ్దం పూర్తిగా పెంచింది.

"అయిపోయింది వెర్న్... తలుపు తియ్యి..."

రెండు సెకన్లు. అంతే.

"ఆ రోజు ఇక్కడ నువ్వు లేనన్నావు," అంది లోర్నా మెల్లగా.

వెర్నన్ చెయ్యి చాచి టేపు ఆపాడు.

"సరిగ్గా వాయించేదాకా బయటికి రానివ్వనన్నాను. మేం ఎప్పుడూ చేసే వేళాకోళమే... బయట గడియ పెట్టి, మిషన్ తిరగనిచ్చి, ఒక్క గ్లాసు తాగొద్దామని పబ్బుకి వెళ్లాను. అక్కడే కూర్చుండిపోయానమ్మా. వచ్చేసరికి... గడియ నేనే తీసేసి, వాడే తలుపేసుకున్నాడని చెప్పాను. వారం తర్వాత టేపు విన్నాను. మొదటిసారికే సరిగ్గా వాయించాడు వాడు. ఆ తర్వాతంతా పిలుపులే. అవి చెరిపేశాను."

"ఎంతసేపు పిలిచాడు?"

"పదకొండు నిమిషాలు."

ఆ రెండు సెకన్లు కూడా చెరిపెయ్యమని ఆయన బతిమాలాడట. లోర్నా చెరపలేదు. ఆల్బమ్ మార్చిలో వచ్చింది. పాట చివర దెయ్యం మాట్లాడిందని జనం ఎగబడి కొంటున్నారు.

ఇదంతా చెబుతున్నంతసేపూ నా కొట్టులో ఆమె చేప ముక్క ముట్టుకోలేదు. చివరికి ఒక్క మాట అంది.

"యాభై ఏళ్లు నాన్న గొంతు కోసం వెతికానా... తీరా వింటే మా అబ్బాయి కంటే చిన్నపిల్లాడు."