దేవదూత చెంప

పెనం మీద ఎండుచేపలు చిటపటలాడుతున్నాయి. వాటికంటే ఎక్కువగా రొసెండా చిటపటలాడుతోంది.

“మళ్ళీ పోయింది! పోయిన నెలేగా నా చేత్తో రంగు వేశాను? విగ్రహం చెంప మీద సిమెంటు కనబడుతోంది.”

“నిన్న కూడా చెప్పావమ్మా,” అంది కూతురు అనలిన్, వెల్లుల్లి అన్నం వడ్డించుకుంటూ.

“రోజూ చెప్తాను. వినే నాథుడు లేనప్పుడు రోజూ చెప్పాల్సిందే!”

భర్త తియోఫిలో తల ఎత్తలేదు. పొద్దున్నే తనే వెళ్ళి తెచ్చిన రొట్టెని కాఫీలో ముంచుకుని తింటున్నాడు. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆయన ఇంతే. జునెల్ పేరెత్తితే చాలు, లేచి బయటికి వెళ్ళిపోతాడు.

జునెల్ తొమ్మిదో ఏట డెంగీతో పోయాడు. ఆ ఏడు తుఫాను వరదకి ఇంట్లోని ఫోటోలన్నీ నానిపోయాయి. ఒకటి మిగిలితే, అది శిల్పికిచ్చి, వాడు సైకిలు నేర్చుకున్న పార్కులోనే దేవదూత విగ్రహం పెట్టించింది రొసెండా. ముఖం అచ్చం వాడిలా వచ్చేదాకా ఆ శిల్పి ప్రాణం తోడేసింది. తర్వాత ఆ ఫోటో కూడా చెదలు తినేసింది. ఇప్పుడు కొడుకు ముఖం చూడాలంటే ఆమెకి ఆ విగ్రహమే దిక్కు.

కానీ ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊరివాళ్ళకి దేవదూత కనబడితే ఊరుకుంటారా? చర్చిలో పునీతుల విగ్రహాల పాదాలు రుమాలుతో తుడిచి, ఆ రుమాలు నొప్పి ఉన్నచోట అద్దుకునే జనం. ఎవరో పిల్ల పరీక్షకి ముందు జునెల్ పాదాలు తుడిచి పాసయిందట. ఇంకేముంది, ఊరు ఊరంతా రుమాళ్ళు పట్టుకుని బయల్దేరింది.

“లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ణి పట్టుకుని పరీక్షలు గట్టెక్కించమంటారేమిటే!”

అనలిన్ ఫక్కున నవ్వింది. రొసెండా నవ్వలేదు.

“పాదాలు అరిగితే అరగనీ. ముఖం జోలికొస్తే మాత్రం ఊరుకోను. ఇనపకంచె వేయిస్తా. ఇవాళే పేటపెద్దతో మాట్లాడతాను.”

“పార్కులో కంచేమిటమ్మా? పిల్లలందరూ ఆడుకునే చోటని నువ్వేగా అక్కడ పెట్టించావు?”

“కంచె వద్దు,” అన్నాడు తియోఫిలో ఉన్నట్టుండి.

రొసెండా చేతిలో గరిటె ఆగిపోయింది. “ఓహో! ఇన్నాళ్ళకి నోరు పెగిలిందా? వాడు పోయినప్పుడు పెగల్లేదే! ఒక్క కన్నీటి చుక్కయినా రాల్చావా నువ్వు? నీకు వాడి ముఖం ఉంటే ఎంత, పోతే ఎంత!”

ఆయన కప్పు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

“నాన్నని అలా అనకూడదమ్మా,” అంది అనలిన్ మెల్లగా. రొసెండాకి ఒళ్ళు మండిపోతోంది. ఆ మాట చెవికెక్కలేదు.

మర్నాడు తెల్లవారుతుండగానే, ముఖం తుడిచేదెవరో పట్టుకుందామని గొడుగు తీసుకుని పార్కుకి వెళ్ళి, చెట్టు చాటున నిలబడింది. చేపలమ్మే ముసలమ్మ వచ్చి పాదాలు తుడుచుకుని వెళ్ళింది. ఇంకో పిల్ల వచ్చింది. ముఖం ఎవరికీ అందదు. అందుకోవాలంటే పీఠం ఎక్కాలి.

ఎక్కుతున్నాడు ఒకడు! రొసెండా గొడుగెత్తి ఉరికింది. “దొరికావురా దొంగా!”

పీఠం మీద తియోఫిలో. ఒక చేతిలో రొట్టెల సంచి, ఇంకో చేతిలో చిన్న తువ్వాలు. ఆట మధ్యలో వీపున చెమట ఆరకుండా ఆమే జునెల్ చొక్కాలో దోపి పంపే తువ్వాలు అది.

“ఏమయ్యా... నువ్వా?”

“రాత్రంతా మంచు పడుతుంది కదే,” అన్నాడాయన, దొంగలాగే తల దించుకుని. “తడి ఒంటి మీదే ఆరితే జబ్బు చేస్తుందని నువ్వే అనేదానివి. అప్పుడు నేను పట్టించుకోలేదు. వాణ్ణి వానలో కూడా ఆడనిచ్చేవాణ్ణి.”

“డెంగీ దోమకాటు వల్ల వస్తుందయ్యా, మంచుకి కాదు!”

“తెలుసు.”

ఇన్నాళ్ళూ ఇంట్లో రాని ఆయన కన్నీళ్ళు జునెల్ పాదాల మీద టపటపా రాలాయి. నిన్న తనన్న మాట రొసెండాకి గుర్తొచ్చింది. గొడుగు పారేసి పీఠం ఎక్కింది.

“ఇలా తే. గిన్నెలు తోమినట్టు తోముతావేం? ఇదిగో, ఇలా అద్దాలి,” అంది ఏడుస్తూనే, చెంప మీది తడి ఒత్తుతూ.

ఇంటికొచ్చేసరికి రొట్టెలు చల్లారిపోయాయి.

“దొంగ దొరికాడా అమ్మా?” అంది అనలిన్ గుమ్మంలోనే.

“దొరికాడు.”

“మరి కంచె?”

రొసెండా ముక్కు చీదుకుంది. “వద్దులే. మీ నాన్న మోకాళ్ళతో కంచె దూకగలడా?”