బొమ్మ వెనక రాసింది

“ఏమండీ, బొమ్మని తిరగేసి బిగించారేంటండీ!”

ఎగ్జిబిషన్ తలుపులు తెరవడానికి ఇంకా అరగంట ఉంది. గోడ మీద పదకొండు బొమ్మలు బుద్ధిగా ఉన్నాయి. పన్నెండోది, బ్యారేజీ మీద వాన బొమ్మ, గోడ వైపు మొహం తిప్పుకుని వీపు చూపిస్తోంది. ఆ వీపు మీద నల్ల స్కెచ్‌పెన్నుతో రుచిత రాసుకున్న కవిత అద్దంలోంచి తళతళలాడుతోంది.

బొమ్మ వేస్తుంటేనే రుచితకి కవిత తడుతుంది. నోటుబుక్కు వెతికేలోపు ఎగిరిపోతుందని షీటు వెనకే రాసేస్తుంది. పగలు బొమ్మలు, సాయంత్రాలు మైకు ముందు కవితలు. మధ్యలో అన్నం మర్చిపోతుందని వాళ్ళమ్మ గోల. ఈ కవితని రేపు గుణదల కేఫ్‌లో చదవాలని ప్లాను. ఫ్రేములు కట్టే సాత్విక్ అక్కడికి చచ్చినా రాడన్న ధైర్యం. కవిత అతని మీదే మరి.

“కలర్సున్న వైపే వెనక అనుకున్నానండీ,” అన్నాడు సాత్విక్, సుత్తి జేబులో పెట్టుకుంటూ. ఎనిమిది నెలలుగా ఆమె ఫ్రేములు కడుతున్న మనిషి!

“చదివారా?”

“కొలతలు తీసేటప్పుడు కళ్ళు మూసుకోలేం కదండీ.”

“ఎంతవరకు?”

“‘చెవి మీద పెన్సిలు పెట్టి, నన్ను తప్ప అన్నీ కొలిచేవాడా’ వరకు. ఆ తర్వాత కొలత తప్పింది.”

రుచిత అతని మొహంలోకి తేరిపార చూసింది. ఇష్టమా, వెక్కిరింతా? వెక్కిరింతైతే వేరే షాపు చూసుకోవాలి. ఊళ్ళో ఇంత బాగా కట్టేవాళ్ళు ఇంకొకరు లేరు కూడాను.

మనవడు సాత్విక్ పనితనం చూద్దామని కంకిపాడు నుంచి వచ్చిన రావమ్మ, కళ్ళజోడు సర్దుకుని కవిత మొత్తం పైకి చదివేసింది. “వీడేనమ్మా! ఆ పెన్సిల్తోనే భోజనానికీ కూర్చుంటాడు.”

“జనం వచ్చేస్తారు, తిప్పేద్దాం!” రుచిత ఫ్రేము దించింది. వెనక అట్ట మీద అతను ఎప్పుడూ అంటించే చీటీ ఉంది.

సైజు: పద్దెనిమిది, ఇరవై నాలుగు.
పేరు: రుచిత.
డెలివరీ: మా ఇంటికి.

మిగతా పదకొండు చీటీల మీదా ‘రుచిత గారు’ అని ఉండేది.

“డెలివరీ బొమ్మకా, నాకా?”

“బొమ్మైతే ఇవాళే. మీరు...” సాత్విక్ చెవులు ఎర్రబడ్డాయి. “మీరెప్పుడంటే అప్పుడు.”

“డేట్లు తర్వాత మాట్లాడుకోండిరా. ముందు పిల్ల నోట్లో ఏదన్నా పడనీ,” అంటూ రావమ్మ గారెల డబ్బా మూత తీసింది.

రుచిత ఫ్రేముని మళ్ళీ కవిత కనపడేలాగే తగిలించింది. తలుపులు తెరుచుకున్నాయి. మొదట వచ్చినాయన ఆ ఫ్రేము ముందు ఆగి, అటూ ఇటూ చూసి అడిగాడు: “ఇందులో బొమ్మేదండీ?”

గారె నములుతూనే రుచిత చెయ్యి చూపించింది.

“అదుగోండి, సుత్తి జేబులో పెట్టుకుని నించుంది.”