‘జిబో’ ఎవరి నోటి మాట?

“తొమ్మిదిన్నరకి నందిగామ దగ్గర మునేటి వంతెన పేలిపోతుంది,” ఇయర్‌పీస్‌లో అన్నాడు చీఫ్ భవానీప్రసాద్. “బాంబు పెట్టేశారు. ట్రాఫిక్ ఆపామో, వెంటనే పేల్చేస్తారు. పేల్చే ఫోన్ జగ్గయ్యపేట బైపాస్ టీకొట్టు దగ్గరుంది. ముగ్గురు లారీ డ్రైవర్లలో ఒకడి చేతిలో. రాజ్యశ్రీ ఇచ్చిన ఇన్ఫర్మేషన్.”

టైమ్ తొమ్మిదీ పది. క్లీనర్ వేషంలో ఏజెంట్ జయరాజ్ టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. రోడ్డవతల ఎర్ర కారులో, నల్ల కళ్ళద్దాలతో రాజ్యశ్రీ. విదేశీ ముఠాలో ఉంటూ వాళ్ళ గుట్టు మనకి చేరవేసే డబుల్ ఏజెంట్. చందర్లపాడు పిల్లనని చెప్పుకునేది. ఆఫీసులో మాత్రం పుస్తకాల తెలుగు తప్ప మాట్లాడేది కాదు. ఆమె అంటే జయరాజ్‌కి ఇష్టం.

అతని దిగులు వేరే. స్నేహితులు పిలుచుకునే పొట్టి మాటల మీద డిపార్ట్‌మెంట్ కోసం ఒక పుస్తకం రాశాడు. తమిళుల ‘మచ్చా’ బావమరిదిని పిలిచే మాటలోంచి పుట్టిందని, కన్నడిగుల ‘మగా’ అంటే అసలు కొడుకని, ఇలా. ముఠా ఆ పుస్తకం కాజేసి, దాంతోనే తన మనుషులకి తెలుగు నేర్పుతోంది. వంతెన మీద ఎవరు పోయినా ఆ పాపంలో తనకీ వాటా ఉంటుంది. ఒక్కటే ఆశ. దొంగల్ని పట్టుకోడానికి అందులో తను కల్పించిన మాటొకటి ఇరికించాడు. ‘జిబో’ అంటే తెలుగులో నేస్తమని రాశాడు. నిజానికి ఏ ఊళ్ళోనూ లేని మాట.

“ఏం జిబో, లోడైందా?” అన్నాడు ఒక డ్రైవర్.

జయరాజ్ చెయ్యి తువ్వాల్లోని పిస్టల్ మీదకి వెళ్ళింది.

“ఎక్కడ జిబో, ఫ్యాక్టరీ కాడ పెద్ద క్యూ,” అన్నాడు రెండోవాడు.

“జిబోలూ, టీ చల్లారిపోద్ది,” అంది కొట్టు నడిపే పుల్లమ్మ.

అందరూ అంటున్నారు! ఎవరిని కాల్చాలి? తొమ్మిదీ ఇరవై ఆరు. మాట పుట్టుక వెతకడం అతనికి బాగా తెలిసిన పని. అదే మొదలుపెట్టాడు.

“ఆ మాట నీకెవరు నేర్పారన్నా?”

“వీడే,” అని రెండో డ్రైవర్‌ని చూపించాడు మొదటివాడు.

“నాకు పుల్లమ్మ,” అన్నాడు రెండోవాడు. మూడో డ్రైవరూ ఆమెవైపే వేలు చూపించాడు.

“నాకు ఆ ఎర్రకారు మేడమ్ అండి,” అంది పుల్లమ్మ. “నెల్రోజుల్నించీ టీకొచ్చినప్పుడల్లా జిబో అనే పిలుస్తది. బాగుందని మేమూ పట్టుకున్నాం.”

జయరాజ్‌కి నమ్మబుద్ధి కాలేదు. కాళ్ళు మాత్రం పరిగెత్తాయి. రాజ్యశ్రీ బొటనవేలు బటన్ మీదకి వెళ్తుండగా ఫోన్ లాగేశాడు. తొమ్మిదీ ఇరవై తొమ్మిది.

“ఎలా తెలిసింది?”

“జిబో.”

“అది మీవాళ్ళ మాటే కదా!” ఆమె తెల్లబోయింది. “నీ పుస్తకాన్నే నమ్మా.”

“నేను నిన్ను నమ్మా,” అంటూ బేడీలు వేశాడు.

పదింటికి బాంబు తీసేశారని కబురొచ్చింది.

“ఇక ఆ దొంగమాట పుస్తకంలోంచి కొట్టెయ్,” ఇయర్‌పీస్‌లో అన్నాడు చీఫ్.

“కుదరదు సార్. ఇప్పుడది జగ్గయ్యపేట మాట.”

“మరి ఎవరు తెచ్చారని రాస్తావు?”



“జిబో, టీ తాగిపో,” కేకేసింది పుల్లమ్మ.

“వస్తున్నా!” తను పుట్టించిన అబద్ధానికి తనే పలికాడు.