చుక్క పెట్టిన నత్తలు

"కదలకండి. మీ కాలి కింద ఏడుగురున్నారు."

మెకానిక్ ఒంటికాలి మీద ఆగిపోయాడు. రేడియేటర్‌లోకి నీళ్లు పట్టుకుందామని బస్ డిపో వెనక ఉన్న కుంటకి వచ్చాడతను. చుట్టూ చూస్తే మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డ ఒక అమ్మాయి తప్ప నరమానవుడు లేడు.

"ఎవరండీ ఆ ఏడుగురు?"

"నత్తలు."

"నత్తలైతే ఏడు అనాలి కదండీ?"

"పొద్దస్తమానం వాటితోనే ఉంటే ఇలాగే అలవాటవుతుంది. కాలు కాస్త ఎడంగా పెట్టండి."

అతను కాలు ఎడంగానే పెట్టాడు. మనసు మాత్రం సరిగ్గా అక్కడే జారింది.

కుంటని పూడ్చి బస్సులు నిలపాలని డిపో మేనేజర్ పట్టుదల. ఆయన మన మెకానిక్‌కి సొంత మేనమామ. ఉత్త మురుగులో ఏముందని ఆయన, ఏముందో చూసి చెప్పమని పై ఆఫీసు. అలా వచ్చింది ఈ అమ్మాయి. చివరికి మేనమామ ఒక మాట మీద నిలబడ్డాడు: నత్తలు రెండు వేలున్నా చాలు, కుంట జోలికి వెళ్లడు. లేకపోతే నెలాఖరున మట్టి లారీలు వస్తాయి.

డిపో అంతా ఆమెని నత్తలమ్మాయి అనసాగింది. మెకానిక్ బస్సులకి మాత్రం ఎప్పుడూ లేనంత దాహం మొదలైంది. రోజుకి నాలుగుసార్లు బకెట్ పట్టుకుని బయలుదేరేవాడు.

"అన్నీ వదిలేసి నత్తలే ఎందుకండీ? ఆ కొంగని లెక్కపెట్టుకోవచ్చుగా. ఒక్కటే ఉంది, పని తేలిక."

"ఆ కొంగ బతికేది నత్తల మీద. నత్తలు బతికేది నాచు మీద. నత్తలు పోతే నాచు నీళ్లంతా కమ్మేస్తుంది. అది కుళ్లితే నీళ్లలో ఊపిరాడక చేపలు తేలతాయి. ఇక్కడ ఒకళ్లని తీస్తే అందరికీ మూడుతుంది, మెకానిక్ గారూ."

"ఇంజన్ లాగే అన్నమాట."

"ఇంజన్ పాడైతే మీరున్నారు. ఇది పాడైతే ఎవరున్నారు?"

ఆమె ఒక్కో నత్త గుల్ల మీద ఎర్రటి గోళ్లరంగుతో చుక్క పెట్టి నీళ్లలోకి వదులుతోంది.

"సింగారమా?"

"గుర్తు. రెండొందలు పట్టి చుక్క పెట్టి వదులుతాను. వారం తర్వాత గట్టు చుట్టూ నేను పాతిన ఆ నాలుగు కర్రల దగ్గర మళ్లీ రెండొందలు పడతాను. అందులో చుక్కవి ఎన్నో చూస్తే..."

"ఒరేయ్, బస్సు బయల్దేరాలిరా!" మేనమామ కేక వినిపించింది. మిగతా సగం వినకుండానే మెకానిక్ పరుగెత్తాడు. కొంపలు ముంచింది ఆ సగమే.

ఆ వారమంతా అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. బిగించిన నట్లే మళ్లీ బిగించాడు. ఆమె పని అయిపోతే వెళ్లిపోతుంది. కుంట పోతే ఏడుస్తూ వెళ్లిపోతుంది. కనీసం నవ్వుతూ వెళ్లేలా చేద్దామనుకున్నాడు. చుక్క పెట్టినవి ఎన్ని తిరిగి దొరికితే అంత మంచిదని తనకి తనే తీర్మానించుకుని, నాలుగు సాయంత్రాలు గట్టు చుట్టూ పాకాడు. దొరికిన ఎర్రచుక్క నత్తలన్నిటినీ తెచ్చి, అన్యాయం జరక్కుండా నాలుగు కర్రల దగ్గరా సమానంగా పంచాడు.

లెక్కరోజున ఆమె పట్టిన రెండొందల్లో సరిగ్గా వందింటికి చుక్క ఉంది. మెకానిక్ నవ్వు కోసం ఎదురుచూశాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"పట్టిన వాటిలో సగం పాతవే. అంటే నేను చుక్క పెట్టిన రెండొందలే కుంటలో సగమన్నమాట. మొత్తం ఉన్నవి నాలుగొందలే."

"అదేంటండీ? చుక్కవి ఎక్కువొస్తే మంచిదే కదా?"

"తక్కువ రావాలి. ఉన్నవి వేలైతే నా రెండొందలు వాటిలో ఎక్కడో కలిసిపోవాలి."

తను చేసిందేమిటో మెకానిక్‌కి అప్పుడు అర్థమైంది. నిజం చెప్తే ఆమె మొహం చూడదు. చెప్పకపోతే కుంట ఉండదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. అలా అన్నవాళ్లు నత్తలమ్మాయికి చెప్పి చూడాల్సింది.

మర్నాడు ఆమె కాగితం పట్టుకుని మేనమామ గదికి వెళ్లింది. ఆయన సంతకానికి పెన్ను తీశాడు. తలుపు దగ్గర నిలబడ్డ మెకానిక్ లోపలికొచ్చాడు.

"మామయ్యా, ఆ లెక్క తప్పు. చుక్కవన్నీ ఏరి కర్రల దగ్గర పోసింది నేనే."

ఆమె కుర్చీలోంచి లేచింది.

"నువ్వా? నీకేమైనా బుద్ధుందా? మూడు వారాల పని! నిన్నెవరు వేలు పెట్టమన్నారు?"

తిట్లు వడగళ్లలా పడుతున్నాయి. అయినా మీరు పోయి నువ్వు వచ్చిందని మెకానిక్ చెవి పట్టేసింది. సిగ్గులేని చెవి.

"ఎందుకు చేశావు అసలు?"

"చుక్కవి ఎక్కువ దొరికితే నవ్వుతావనుకున్నాను. నువ్వు నవ్వితే ఆ రోజంతా నాకు పని సాగుతుంది. నవ్వకుండా వెళ్లిపోతే ఏమవుతానో తెలీదు. నువ్వంటే నాకిష్టం. ఇది చెప్పడం చేతకాక నత్తల్ని మోశాను."

మేనమామ పెన్ను మూత పెట్టేశాడు.

"ఇంకెన్ని రోజులు కావాలమ్మా?"

"పది రోజులు. కానీ ఇతను గట్టు దిగకూడదు."

మళ్లీ రెండొందల నత్తలకి చుక్కలు, ఈసారి పసుపు రంగు. పది రోజులూ మెకానిక్ గట్టు దిగలేదు. ఆమె వైపు చూడకూడదని ఎవరూ అనలేదు కాబట్టి చూశాడు. ఒకసారి వాన పడితే గొడుగు తెచ్చి గట్టు మీదే నిలబడి చెయ్యి చాచాడు. గొడుగు అందక ఆమె తడిసింది, గొడుగున్నా వేసుకోక అతనూ తడిశాడు. ఆమె చూసీ చూడనట్టు తల తిప్పుకుంది.

పదో రోజు ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. రెండొందల నత్తల్ని ఆమె ఒక్కొక్కటే తిప్పి చూసింది. పసుపు చుక్కలు తొమ్మిది దాకా వచ్చి ఆగాయి. చివరి గుప్పెట్లో ఇంకొకటి కనిపించింది.

"పది. ఇరవైకి ఒక్కటే చుక్కది, అంటే నాలుగు వేలు."

మేనమామ నీళ్లలోకి తొంగి చూశాడు. "నాలుగు వేలా? ఇన్నాళ్లూ నాకొక్కటీ కనిపించలేదేంటమ్మా?" అని లేచాడు. "సరే, మాటంటే మాటే. బస్సులు రోడ్డు వైపే ఉంటాయి."

ఆమె నత్తల్ని నీళ్లలోకి వదిలి, అప్పుడు నవ్వింది. ఆ నవ్వు తనకో నత్తలకో మెకానిక్‌కి అర్థం కాలేదు.

"సార్, ఒక్క మాట. మీ మేనల్లుణ్ని ఇంకెప్పుడూ నత్తల జోలికి రానివ్వకండి."

"రానివ్వను. మరి నీ జోలికొస్తే?"

ఆమె వల మడుస్తూ మెకానిక్ వైపు తిరిగింది.

"వస్తే మా ఇంటికి రమ్మనండి. ఈసారి చెప్పాల్సింది మా నాన్నకి చెప్పాలి, సగం విని పరిగెత్తకూడదు."