గుర్ర్ర్... ఊఁ... కిర్ర్

"నోరు తెరవండి," అంది ఆ అమ్మాయి.

పొద్దున లేస్తే అందరితో ఆ మాట అనే పళ్ళ డాక్టరుకి, అదే మాట తనతో ఎవరైనా అంటే ఎంత కంగారుగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"నా పళ్ళు బాగానే ఉన్నాయండీ. బాగాలేనిది కారు."

"తెలుసు. అది ఎలా అరుస్తోందో మీ నోటితో అరిచి చూపించండి. శబ్దం వినకుండా బానెట్ ఎత్తం. మా గ్యారేజీ రూలు."

ఆ రూలు ఆమెది కాదు, వాళ్ళ నాన్నది. అందరూ మేస్త్రీ అని పిలిచే ఆ పెద్దాయన, కస్టమరు నోటి శబ్దం విని బండి జబ్బు చెప్పడంలో ఘనుడు. అంతకుముందే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు "టిక్కు టిక్కు టప్" అని గంభీరంగా పలికి, బెల్టు మార్పించుకుని వెళ్ళారు. ఇప్పుడు మేస్త్రీ గ్రీజు స్టూలు మీద కళ్ళు మూసుకుని డాక్టరు కోసం ఎదురుచూస్తున్నాడు.

డాక్టరు అటూ ఇటూ చూశాడు. చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"గుర్ర్ర్... ఊఁ... కిర్ర్."

ఎదురింటి కుక్క లేచి నిలబడింది.

"ఆ ఊఁలో కాస్త ఏడుపు ఉందా?" కళ్ళు తెరవకుండానే అడిగాడు మేస్త్రీ.

"ఉందండీ. చివర్లో."

"నా జన్మలో ఇలాంటిది వినలేదు."

ఆమె గబుక్కున బానెట్ కింద తల దూర్చింది. భుజాలు కదులుతున్నాయి కానీ ముఖం కనిపించడం లేదు. ఆ నవ్వు చూడలేకపోయానే అని డాక్టరు ఇంటికి వెళ్ళేదాకా బాధపడ్డాడు.

ఆమె బండి తీసి మెయిన్ రోడ్డు మీద నడిపింది. డాక్టరు పక్క సీట్లో మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడు. ఆటోమేటిక్ గేర్లు మెత్తగా మారుతున్నాయి. శబ్దం లేదు, గిబ్దం లేదు.

మర్నాడు గ్యారేజీ వీధి మలుపు తిరగ్గానే బండి మళ్ళీ అరిచింది. గేటు దగ్గర ఆగేసరికి నోరు మూసుకుంది. లోపల సొట్టలు తీసే డెంటింగు మోతలో బయటి అరుపు ఎవరికీ వినపడలేదు. ఆమె ఇంజను మౌంటింగులు బిగించింది, గేర్ ఆయిలు మార్చింది, కింద రేకు విప్పి మళ్ళీ వేసింది, ఒకరోజు సాయంత్రం దాకా బండిని గ్యారేజీలోనే ఉంచేసుకుంది. ఆమె నడిపితే బండి బుద్ధిమంతురాలు. అతను తెచ్చేటప్పుడు మాత్రం అదే గోల.

చివరికి ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"డాక్టరు గారూ, పంటినొప్పి లేకుండా ఎవరైనా రోజూ మీ క్లినిక్‌కి వస్తే ఏమనుకుంటారు?"

"పిచ్చివాడనుకుంటాను."

"మేమూ అదే అనుకుంటున్నాం."

"అబద్ధం చెప్పి మిమ్మల్ని చూడ్డానికి వచ్చేంత ధైర్యం నాకు లేదండీ!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. డెంటింగు సుత్తులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆమె చేతిలోని స్పానరు వంక చాలా శ్రద్ధగా చూసింది.

మేస్త్రీ లేచాడు. "డాక్టర్ బాబూ, నా పరువు పోతోంది. రేపు పొద్దున ఆ శబ్దం నా చెవిన పడాలి. పడకపోతే ఈ బండికి నా గేటు మూసేస్తాను."

ఆ రాత్రి డాక్టరు అన్నం దగ్గర అదే ఆలోచిస్తూ కూర్చున్నాడు. గేటు మూసేస్తే మూసేశారు, ఆ అమ్మాయి తనని ఎప్పటికీ అబద్ధాలకోరు అనుకుంటుంది. అదే అతను తట్టుకోలేకపోయాడు.

"అమ్మా, నువ్వు విన్నావు కదా ఆ శబ్దం?"

"నేనెక్కినప్పుడు ఎప్పుడు అరిచిందిరా? నీ మాట అసలు నమ్మబుద్ధి కావడం లేదు."

తెల్లారేసరికి డాక్టరు ఇంటి ముందు మేస్త్రీ కూతురు నిలబడి ఉంది, చేతిలో టార్చితో.

"ఇవాళ మీరే నడపండి. నేను పక్కన కూర్చుంటాను. నాన్నకంటే ముందు నేను వినాలి."

డాక్టరు బండి స్టార్ట్ చేసి గేరు డ్రైవ్‌లోకి మార్చాడు. గుర్ర్ర్... ఊఁ... కిర్ర్.

"విన్నారా! విన్నారా!" సీట్లోనే ఎగిరాడు. "ఇన్నాళ్ళూ మీ వీధిలోనే వచ్చేది, ఇవాళ మా గేటు దగ్గరే మొదలైంది!"

ఆమె అతని మాటలు పట్టించుకోలేదు. టార్చి వేసి కింద చూస్తోంది.

"మీ ఎడమకాలు ఎక్కడుంది?"

"బ్రేకు మీద."

"కుడికాలు?"

"యాక్సిలరేటరు మీద... అయ్యో!"

"ఆటోమేటిక్ బండికి ఎడమకాలితో పనే లేదు కదండీ!"

"తెలుసండీ. పాత క్లచ్ బండి అలవాటు. ఇప్పుడు మామూలుగా పక్కకి పెట్టుకునే ఉంటాను."

"మరి ఆ కాలు ఎప్పుడు లేస్తోంది?"

డాక్టరు ఆలోచించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మొదటిసారి, మీరు గ్యారేజీ ముందు టైరు దొర్లించుకుంటూ వెళ్తున్నారు. ఆగి పలకరిద్దామనిపించింది. అమ్మో, పారిపోదామనిపించింది. అప్పుడే అరిచింది."

"ఒక కాలు పద అంటోంది, ఒక కాలు ఆగు అంటోంది. మధ్యలో బండి మూలగక ఏం చేస్తుంది?" అంది ఆమె. కిటికీ వైపు తిరిగి, "మొన్న సాయంత్రం దాకా బండి ఉంచుకున్నాను కదా, అందులో బిగించడానికి ఏమీ లేదు. మీరు మళ్ళీ వస్తారని ఉంచుకున్నాను," అంది.

డాక్టరుకి ప్రపంచంలో ఇంతకంటే మంచి మాట ఎవరూ అనలేదనిపించింది.

"ఇక ఒక కాలు తీసెయ్యండి."

"ఏ కాలు?"

"మీరే తేల్చుకోండి. నేను మాత్రం దిగను."

డాక్టరు ఎడమకాలు తీసేశాడు. బండి హాయిగా, చప్పుడు లేకుండా సాగిపోయింది.

సాగిపోయింది కానీ, గ్యారేజీ ముందు సుత్తులన్నీ ఆపించి, గేటు పట్టుకుని మేస్త్రీ నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే డాక్టరు ఎడమకాలు ఎగిరి బ్రేకు మీద పడింది. గుర్ర్ర్... ఊఁ... కిర్ర్.

"అదే! అచ్చం అదే! ఏడుపు కూడా ఉంది!" మేస్త్రీ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "జబ్బు ఎక్కడమ్మా?"

"డ్రైవరు సీట్లో, నాన్నా."

"బాగవుతుందా?"

"అవుతుంది. కానీ నేను రోజూ పక్కన కూర్చుని చూసుకోవాలి."

మేస్త్రీ కూతురి వైపు చూశాడు. ఆమె గేరు రాడ్డు వైపు చూసింది.

"డాక్టర్ బాబూ, అసలు సంగతి నీ నోటితో చెప్పు. మా రూలు తెలుసు కదా," అని మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరు చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"గుర్ర్ర్... ఊఁ..." అని ఆగిపోయాడు.

ఎదురింటి కుక్క లేచి నిలబడింది.

"కిర్ర్," అంది ఆమె.

మేస్త్రీ కళ్ళు తెరిచాడు. "ఇద్దరిదీ ఒకటే జబ్బు," అని గేటు రెండో రెక్క కూడా తీశాడు.