కొంచెం పెద్దగా తెరవండి

రోజంతా జనం నోళ్ళలోకి తొంగిచూసేవాడికి జనం మీద గౌరవం ఎన్నాళ్ళో నిలవదు. నేను పళ్ళ డాక్టర్ని. టై కట్టుకుని వచ్చినవాడైనా, ఒంటినిండా నగలు దిగేసుకుని వచ్చినావిడైనా, కుర్చీ వెనక్కి వాల్చాక ఒక్కటే. "తెరవండి" అంటే తెరుస్తారు. చిన్న అద్దం కాడతో పన్ను మీద టక్ టక్ అని కొట్టి "ఇక్కడేనా?" అంటే "ఆఁ" అంటారు. అంతకుమించి గొప్ప మాటలేవీ నేను వాళ్ళ దగ్గర వినలేదు.

ముందు గదిలో కూర్చుని పేర్లు పిలవడానికి మా ఆవిడ తమ్ముణ్ణి పెట్టుకున్నాను. పెట్టుకున్నాను అనడం కంటే అంటగట్టారనడం సబబు. వాడికి వచ్చిన విద్య ఒక్కటే, రిజర్వాయర్ గట్టున గాలం వేసుకుని కూర్చోవడం. ఒకరోజు అక్కణ్ణించి ప్లాస్టిక్ కవర్లో వేలెడంత చేపపిల్లని తెచ్చి, ముందు గది అక్వేరియంలో నా రంగు చేపల మధ్య వదిలాడు.

"వాలుగ పిల్ల, బావగారూ. ముద్దుగా లేదూ?"

ముద్దు! నెలలు గడిచేసరికి ఆ ముద్దు నా రంగు చేపలన్నింటినీ మింగి మూరెడు దాటి పెరిగింది. పొలుసుల్లేని బూడిదరంగు ఒళ్ళు, చిన్న చిన్న కళ్ళు, పొడుగాటి మీసాలు, ఆ కళ్ళని దాటి వెనక్కి పోయిన నోరు. పళ్ళు చూడకుండా నేనుండలేను కదా, చూశాను. సన్నటివి, వరసలు వరసలుగా, అన్నీ గొంతువైపే వంగి ఉన్నాయి. నమలడానికి కాదు. లోపలికి పోయింది మళ్ళీ బయటికి రాకుండా.

బయట నీళ్ళలోనైతే పగలంతా గట్టు కింద బొరియలో పడుకుని, చీకటి పడ్డాక వేటకి వస్తుందట. మావాడు దానికి మర్యాదలు నేర్పాడు. ఉంగరంతో గాజు మీద టక్ టక్ అని కొట్టి రొయ్య వేసేవాడు. కొన్నాళ్ళకి పట్టపగలు కూడా, ఆ చప్పుడు వింటే చాలు, పైకి వచ్చి నోరు తెరిచేది.

నాకు భలే నవ్వొచ్చింది. ఇదీ నా పేషెంట్ల బాపతే! కాస్త తీరిక దొరికితే అద్దం కాడతో గాజు మీద కొట్టేవాణ్ణి. అది తెరిచేది. "కొంచెం పెద్దగా తెరవండి" అనేవాణ్ణి. బెంచీ మీద జనం వాచిన బుగ్గలు పట్టుకుని మరీ నవ్వేవాళ్ళు. ఏమీ పెట్టేవాణ్ణి కాదు. చేపకి ఏం తెలుస్తుంది?

ఆ తర్వాతే మావాడు చిక్కిపోవడం మొదలైంది.

"ఏమండీ, వాడు మెతుకు ముట్టడం లేదు. ముట్టినా ఒంటికి పట్టడం లేదు" అని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాకున్నది వాడొక్కడే. ఏదో ఒకటి చెయ్యండి."

నిలదీశాను. వాడు అక్వేరియం వైపు చూడకుండా గుసగుసగా చెప్పాడు.

"మీరు పిలుస్తారు, పెట్టరు బావగారూ. మీరు పెట్టనిదంతా నాలోంచి తీసుకుంటోంది."

"ఏం తీసుకుంటోందిరా, నీ బుర్రా? అది ఉంటే కదా!"

మా ఆవిడ పోరు పడలేక ఆదివారం సాయంత్రం చేపని నీళ్ళ డ్రమ్ములో వేసుకుని రిజర్వాయర్‌కి బయల్దేరాం. దారంతా వాడు డ్రమ్ముని కావలించుకునే కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పొద్దు వాలింది. గాలి లేదు. బురద వాసన, కుళ్ళిన నాచు వాసన. దూరంగా ఏదో మోటారు ఆగిపోయింది. దాంతో మిగతా చప్పుళ్ళు కూడా ఆగిపోయాయి. డ్రమ్ము వంచాను. చేప నీళ్ళలోకి జారింది. కానీ పోలేదు. మోకాలి లోతులో మావైపు తిరిగి, మీసాలు ముందుకు చాచి ఆగింది.

"ఫో. నీ ఇల్లు ఇదే" అన్నాను.

అప్పుడు... టక్ టక్.

ఖాళీ డ్రమ్ములోంచి.

వాడు నీళ్ళవైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఎన్నో నోళ్ళు చూసినవాణ్ణి, చెబుతున్నాను... మనిషి దవడ అంత తెరుచుకోదు.

"నాటకాలు చాలించరా."

వినలేదు. నడిచాడు. మోకాళ్ళు... నడుము... మెడ... నోట్లోకి నీళ్ళు పోతున్నాయి. దగ్గడం లేదు. నేను గట్టు మీద నిలబడి ఇంకా తిడుతూనే ఉన్నాను. వీడెప్పుడూ ఇంతే అనుకున్నాను. తల మునిగింది. అప్పుడు పరుగెత్తాను. చెయ్యి అందింది... జిగురు. జారిపోయింది.

ఈతగాళ్ళు వెతికారు. దొరకలేదు.

"మీరు గట్టు మీదే ఎందుకు నిలబడ్డారు?" అని అడిగింది మా ఆవిడ. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. నాతో మాట్లాడడమే మానేసింది.

అక్వేరియం నీళ్ళు పారబోయించాను. గులకరాళ్ళతో సహా ఎండిపోయింది. క్లినిక్ మళ్ళీ తెరిచాను. పళ్ళు పీకేవాడికి భయమేంటి! ముందుగా వచ్చింది ఓ లెక్కల మాష్టారు, ప్రతిదానికీ ఎందుకని అడిగే రకం. కుర్చీ వాల్చాను. తెరిచాడు. అద్దం కాడతో పన్ను మీద కొట్టాను. టక్ టక్.

ముందు గదిలోంచి... టక్ టక్.

మాష్టారు కళ్ళు అటు తిప్పాడు. తర్వాత నా వైపు తిప్పాడు. మెల్లగా తన నోరు మూసుకున్నాడు.

"డాక్టరు గారూ..." అన్నాడు. "మీరెందుకు తెరిచారు?"

నా మాస్కు గడ్డం కిందికి జారిపోయి ఉంది. జవాబు చెప్పబోయాను. నోరు మూతపడలేదు. నాలుక మీద బురద రుచి.

ముందు గదిలో మళ్ళీ, టక్ టక్.

నా నోరు ఇంకొంచెం పెద్దగా తెరుచుకుంది.