అసిరమ్మ చెప్పిన యోనా కథ

ఆదివారం పొద్దున్న ఏడింటికే స్వాతి వంటగది అలమారా అంతా గాలించేసింది. సండే స్కూలు పిల్లల కోసం దాచుకున్న పాతిక కాగితం ప్లేట్లు కనిపించలేదు. ఆ రోజు పాఠం, పెద్ద చేప మింగిన యోనా కథ. ప్లేటు అంచున ముక్కోణంగా కత్తిరిస్తే చేప నోరవుతుంది, ఆ ముక్కనే వెనక అతికిస్తే తోకవుతుంది.

“అత్తయ్యా, ఇక్కడ ప్లేట్లుండాలి. చూశారా?”

“నిన్న ప్రార్థన కూడికకి వచ్చినోళ్లకి పులిహోర పెట్టాను గదా. వాటిల్లోనే పెట్టాను,” అంది అసిరమ్మ తాపీగా.

“అవి పిల్లలవి! మొన్న దూది తీసేశారు, అంతకుముందు జిగురు.”

“తినే పళ్లేలు కత్తిరించి ఆడుకోడానికా చర్చికెళ్లేది? ముప్పయ్యేళ్లు నాను చెప్పాను పిల్లలకి. కత్తెరా లేదు, జిగురూ లేదు. బైబిలు వాక్యం కంఠతా పట్టించాను. ఇప్పుడు ఏ పిల్లకైనా ఒక్కటి వచ్చా?”

ఆరేళ్ల అమ్ములు తల్లి వెనక నక్కింది. “మమ్మీ, ముఝే నహీ జానా. చర్చికి రాను. మామ్మ మళ్లీ నిలబెడుతుంది.”

సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పించుకునేది ఇప్పటికీ అసిరమ్మే; కిందటి వారం అమ్ములు మధ్యలో ఆగిపోయిందని అందరి ముందూ నిలబెట్టింది. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

స్వాతి ఇక ఆగలేకపోయింది. “విన్నారా? ఈ దీవుల్లో బళ్లో అంతా హిందీ. ఒక్క తెలుగక్షరం రాని పిల్లలచేత అర్థం తెలియని మాటలు వల్లె వేయించి, రాకపోతే నిలబెడతారు. చేతికి పనిస్తే కథ గుర్తుంటుందని నేను చూస్తుంటే, అదీ చేయనివ్వరు. నా వల్ల కాదు అత్తయ్యా. ఇవాళ పాఠం మీరే చెప్పండి!”

పాఠం పుస్తకం తెరిచి అత్త ఒళ్లో పెట్టింది. “ఈ ఒక్క పేజీ చదవండి, చాలు.”

అసిరమ్మ పేజీ వైపు చూసింది. “కళ్లజోడు లేదు.”

“పెట్టుకునే ఉన్నావు గదమ్మా!” హాడో రేవులో డ్యూటీకి బయల్దేరుతున్న ఆమె కొడుకు పైడిబాబు నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

అసిరమ్మ పుస్తకం మూసేసింది.

“నాకు చదువు రాదు,” అంది. “చిన్నప్పుడు హోప్ టౌన్‌లో చెల్లెళ్లని ఎత్తుకుని తిరిగానే గానీ బడి మొహం చూడలేదు. పాస్టరమ్మ చదువుతుంటే చెవులొగ్గి నేర్చుకున్నాను. మరిచిపోతే తెరిచి చూసుకోడానికి నాకు పుస్తకం లేదు గదే. అందుకే పిల్లల్నీ అలాగే తోమాను.”

“నాక్కూడా చెప్పలేదేమ్మా?” అన్నాడు పైడిబాబు.

“ఏటని చెప్తానురా? టీచరమ్మకి అక్షరాలు రావనా?”

స్వాతికి కోపం పోలేదు, కానీ దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చివరికి, “ప్లేట్లు మాత్రం అడిగి తీసుకోవాల్సింది,” అంది.

“తప్పే,” అని అసిరమ్మ లేచింది. “చేపే గదా నీకు కావాలి?”

పెరట్లో కొబ్బరాకు లాగి, ఈనె తీసి, రెండు మడతలు వేసి అల్లింది. నిమిషంలో చేప తయారైంది. అమ్ములు కళ్లింత చేసుకుని చూసింది. ముగ్గురూ ఆటో నిండా ఆకులు వేసుకుని జంగ్లీఘాట్ చర్చికి బయల్దేరారు.

చర్చి వరండాలో పిల్లలు వంకరటింకర చేపలు అల్లుతుంటే, అసిరమ్మ కథ అందుకుంది. “తుఫాన్ ఆయా! షిప్పు ఇటూ అటూ ఊగిపోతంది. యోనా ఏం చేస్తన్నాడు? సో రహా హై! గుర్రెట్టి నిద్ర!” పిల్లలు పకపకా నవ్వారు.

“మామ్మా, ఇది కహా లిఖా హై? ఏ పేజీలో? చదివి చూపించు,” అంది ఎనిమిదేళ్ల శ్రావణి, బైబిలు తెచ్చి ముందు పెట్టి.

అసిరమ్మ చేతులు ఆగాయి. స్వాతి గబగబా అడ్డు రాబోయింది. అత్త వద్దన్నట్టు తలూపింది.

“నాకు చదవడం రాదమ్మా,” అంది, వెనక వరసకి కూడా వినబడేలా. “స్వాతి టీచరు చదువుతుంది. నాను కథ చెప్తాను.”

అమ్ములు వచ్చి మామ్మ ఒళ్లో కూర్చుంది. “నాక్కూడా రాదు మామ్మా,” అంది సంబరంగా.

బైబిలు అందుకున్న స్వాతికి అక్షరాలు మసకబారాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని, అత్త పక్కనే కింద కూర్చుని చదవడం మొదలుపెట్టింది.